తోడి రాగానికి గేట్‌పాస్

మా సాగరిక రెసిడెన్సీకి గేటు ఒకటి, రిజిస్టర్లు పదకొండు. కాకినాడలో ఇంతకన్నా ఎత్తైన అపార్టుమెంట్లు ఉన్నాయి, సముద్రానికి ఇంతకన్నా దగ్గరగా ఉన్నవీ ఉన్నాయి. ఇంత భద్రమైనది మాత్రం ఇంకొకటి లేదని మా ప్రెసిడెంటు గారు అంటుంటారు. రెండేళ్ళ క్రితం ఒకటో అంతస్తులో ఎవరిదో తులసికుండీ కనబడకుండా పోయింది. దాన్ని ఎండ కోసం ఆ ఇంటి పనమ్మాయే మేడమీద పెట్టిందని సాయంత్రానికి తేలింది కానీ, అప్పటికే రూల్సు టైపయిపోయాయి.

ప్రెసిడెంటు గారి పేరు చెరుకుమిల్లి విఠల్. డిప్యూటీ కలెక్టరుగా రిటైరయ్యారు. ఆ సంగతి కాగితం మీద ఉంది గానీ ఆయన చేతికి ఇంకా తెలియదు. మేడమీద ట్యాంకు పొర్లుతోందని చెబితే, "లిఖితపూర్వకంగా ఇవ్వండి, క్షేత్రస్థాయిలో విచారణ జరిపిస్తాను" అంటారు. విచారణ పూర్తయ్యేసరికి ట్యాంకు ఖాళీ అవుతుంది. సమస్య పరిష్కృతమైనదని ఆయన ఫైలు మూసేస్తారు.

నేను మూడు వందల నాలుగులో ఉంటాను. పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు నాది. నాతో మా ఆవిడ రత్నావతి, ఆవిడ తండ్రి సింహాద్రి మావయ్య ఉంటారు. మావయ్య మా అమ్మకి స్వయానా తమ్ముడు, నన్ను ఎత్తుకుని పెంచినవాడు. నలభై ఏళ్ళు సన్నాయి వాయించాడు. రామచంద్రపురం నుంచి రాజోలు దాకా ఆయన సన్నాయి మోగని పెళ్ళిని అప్పట్లో పెళ్ళిగా లెక్కవేసేవారు కారు. ఇప్పుడు కిడ్నీలు పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాలు పది గంటల నుంచి రెండింటి దాకా ఆసుపత్రిలో డయాలసిస్ మిషను పక్కన చెయ్యి చాపుకుని పడుకోవాలి.

నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం ఆయనకి చేతకాదు. రెండు గంటలు కాగానే, "తీసెయ్యండమ్మా, ఇంక చాలు" అని లేచి కూర్చుంటాడు. సగంలో లేస్తే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందనీ, ఇలా ఇంకో నెల జరిగితే తాము చేసేదేమీ ఉండదనీ డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి చెప్పారు. 

దానికి మందు నాకు తెలుసు. మావయ్య కచేరీలు నాలుగు వందల పన్నెండు క్యాసెట్లు. రెండేళ్ళు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ కంప్యూటర్ని పడగ్గది బీరువాలో పెట్టాను. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఏది కావాలంటే అది వినవచ్చు. తన సన్నాయి వినబడుతున్నంతసేపూ మావయ్య కదలడు. కచేరీ మధ్యలో లేవడమన్నది ఆయన ఒంట్లోనే లేదు.

ఫోనులో పట్టినన్ని, యాభై కచేరీలు వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. యాభై ఒకటోది అడిగాడు. "ఒరే సూరీ, ఆ మురమండ పెళ్ళిలో తాతబ్బాయి డోలుతో నేను వాయించిన తోడి పెట్రా." అది లేదు. మళ్ళీసారి తోడి ఎక్కించుకుని వెళ్తే ముఖారి కావాలన్నాడు. ఆ రోజూ సగంలోనే లేచాడు.

ఇంక మిగిలింది ఒకటే దారి, ఆసుపత్రి నుంచి ఫోనులో మా బీరువాలోని కంప్యూటర్ని అందుకోవడం. అంతా సిద్ధం చేశాను. నేను తప్ప ఇంకెవరూ తెరవలేని గుట్టు దారి, దానికి పద్దెనిమిది అక్షరాల పాస్‌వర్డు, మధ్యలో ఎవరు చెవి పెట్టినా గరగర తప్ప ఏమీ వినబడదు. ఒక్కటే చిక్కు. మా అపార్టుమెంటుకంతటికీ ఇంటర్నెట్టు అసోసియేషన్ ఆఫీసు గదిలోని డబ్బా ద్వారా వస్తుంది. ఆ డబ్బాలో నా దారికి ఒక చిన్న మార్పు చెయ్యాలి. రెండు నిమిషాల పని. అడక్కుండా చేసేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను మర్యాదగా అర్జీ పెట్టుకున్నాను.

కమిటీ ఆదివారం సమావేశమైంది.

"అర్జీదారుడు చెప్పేది ఏమనగా," అని విఠల్ గారు నా కాగితం చదివారు, "తాను బయట ఉన్న సమయంలో, బయటి నుంచి లోపలికి, తన ఫ్లాటులోకి రాదలచుకున్నాడు. అంతేనా?"

"నేను రానండి. పాట ఒక్కటే బయటికి వస్తుంది."

"ముందు మీరు లోపలికి వచ్చి అడిగితేనే కదా అది బయటికి వచ్చేది?"

"ఒక విధంగా అంతేనండి."

"ఒక విధంగా వచ్చినా రావడమే. రూలు ఏడు, క్లాజు బి. ఆవరణకు వెలుపల ఉండి లోపలికి రాగోరు ప్రతి వ్యక్తీ సందర్శకుడు. సందర్శకుని వివరాలు రిజిస్టరులో నమోదు కావలెను. సంబంధిత ఫ్లాటు వారిని ఇంటర్‌కమ్‌లో సంప్రదించి, వారి సమ్మతి పొందిన పిమ్మటే ప్రవేశము."

"ఆ ఫ్లాటు నాదేనండి."

"కావచ్చును. అయితే ఆ సమయంలో మీరు ఫ్లాటులో ఉండరు. మీ మాట మీదనే ఆధారపడి చెబుతున్నాను."

నా అర్జీ మంజూరైంది. డబ్బాలో నా దారికి ఒక మీట పెట్టించి, దాన్ని గేటు గదిలో వాచ్‌మన్ పోలయ్య కుర్చీ పక్కన బిగించారు. రిజిస్టరు పూర్తయ్యాక పోలయ్య మీట నొక్కితే దారి తెరుచుకుంటుంది. రిజిస్టరులో తొమ్మిదో గడి 'ప్రవేశించు విధానము'. అందులో నా పద్దెనిమిది అక్షరాలూ రాయాలన్నారు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదండీ అన్నాను. ఖాళీ గడులున్న నమోదు చెల్లదన్నారు. మావయ్య ముఖం గుర్తొచ్చి, నోరు మూసుకుని రాసి ఇచ్చాను. బీరువాకి గట్టి తాళం వేసి తాళంచెవిని గేటు దగ్గర స్టూలు మీద పెట్టినట్టయింది.

మంగళవారం మావయ్య చేతికి సూదులు గుచ్చగానే గేటుకి ఫోను చేశాను. పోలయ్యది పలాస వైపు. మంచివాడు, రూలంటే భయం ఉన్నవాడు.

"ఎవులు బాబూ? మూడొందల నాలుగు బాబా? సెప్పండి, రాస్తన్నాను. పేరు తెల్సు. ఎవులింటికి?"

"మా ఇంటికే పోలయ్యా."

"పనేటి?"

"తోడి వినడానికి."

"తోడి అంటే ఎవులు బాబూ, మీ సుట్టమా?"

"రాగం పోలయ్యా, రాగం."

"సరే, రాగం అని రాసీసినాను. బండి నంబరు?"

"బండి లేదు."

"అయితే నడిసొచ్చినట్టు రాసీనా?"

రాయమన్నాను. తరవాత పోలయ్య మా ఇంటికి ఇంటర్‌కమ్ చేశాడు. రత్నావతి పోస్టాఫీసులో ఉంది. నేను ఆసుపత్రిలో ఉన్నాను. మావయ్య నా పక్కన ఉన్నాడు.

"ఎత్తట్నేదు బాబూ. లోపల ఎవులూ నేనట్టున్నారు."

"ఎలా ఉంటాం పోలయ్యా? అందరం ఇక్కడే ఉన్నాం."

"మరి ఒప్పుకునీవోలు నేకుండా నానెలా ఒదిలీది బాబూ? మీరే ఎవులినైనా ఇంట్లో ఉంచి రండి."

ఇంట్లో ఎవరైనా ఉంటే నేను బయటి నుంచి రావచ్చు. ఇంట్లో ఉండడానికి మాకు ఎవరూ లేరు. మావయ్య సంగతంతా విని, "నీ ఇంట్లోకి నిన్నే రానివ్వట్లేదేంట్రా?" అని, రెండు గంటలు కాగానే లేచి కూర్చున్నాడు.

గురువారం రత్నావతి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. ఇంటర్‌కమ్ మోగింది. "రానివ్వు పోలయ్యా, మా ఆయనే" అంది. మీట పడింది. నా ఫోనులో నాలుగు వందల పన్నెండు కచేరీలూ బారులు తీరి కనబడ్డాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. మురమండ తోడి మీద వేలు పెట్టాను. శ్రుతి మొదలైంది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా నిమిషానికి అది ఆగిపోయింది.

గేటు నుంచి ఈసారి విఠల్ గారే మాట్లాడారు. "నాగసూరి గారూ, తనిఖీ నిమిత్తం వచ్చాను. మీ ప్రవేశానికి మాకు అభ్యంతరం లేదు. అయితే లోపలి నుంచి ఒక వస్తువు బయటికి పోతున్నట్టు నా దృష్టికి వచ్చింది. వస్తువు బయటికి పోవాలంటే మెటీరియల్ గేట్‌పాస్ ఉండాలి. మూడు ప్రతులు."

"అది వస్తువు కాదండి, తోడి."

"వస్తువు వివరము అన్న గడిలో అదే రాయండి. పరిమాణము: నలభై రెండు నిమిషాలు. తిరిగి వచ్చునదా, రానిదా?"

"అసలు ఎక్కడికీ పోదండి. అక్కడిది అక్కడే ఉంటుంది, ఇక్కడా వినబడుతుంది."

నా గొయ్యి నేనే తవ్వుకున్నానని ఆ మాట అన్నాకే నాకు అర్థమైంది.

"అసలు అక్కడే ఉండి, అదే బయట కూడా ఉన్నదంటే, బయటికి పోయేది నకలు. నకలు జారీ చేయాలంటే మూలంతో సరిపోల్చి, సరియైన నకలని గెజిటెడ్ హోదా గల అధికారి ధ్రువీకరించాలి. మన ఆవరణలో ఆ హోదాలో పనిచేసినవాణ్ణి నేనొక్కణ్ణే. శ్రమ అయినా తప్పదు. అప్పటి వరకు ప్రవేశం నిలుపుదల చేయడమైనది."

ఇంతటితో ఆగలేదు. సాయంత్రానికి సర్క్యులరు వచ్చింది. ఫోనులో పెట్టుకుని గేటు దాటించినా రాగం రాగమే కాబట్టి, మూడు వందల నాలుగు వారి ఫోన్లు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర తనిఖీ చేయవలెను. ధ్రువీకరణ లేని రాగములు అందులో ఉన్నట్టు తేలితే వాచ్‌మన్‌ను బాధ్యుణ్ణి చేసి తొలగించవలెను. అంటే మొదట్లో ఉన్న యాభై కచేరీలూ పోయాయి. దాచి తీసుకెళ్ళలేక కాదు. పోలయ్యకి ముగ్గురు ఆడపిల్లలు. అతని కూడు మీదుగా నడిచి మావయ్యకి పాట వినిపించే ధైర్యం నాకు లేకపోయింది. శనివారం బయల్దేరే ముందు ఒక్కొక్కటే చెరిపేశాను. పోలయ్య నా ఫోను తీసుకుని, కళ్ళు పక్కకి తిప్పుకుని తిరిగిచ్చాడు.

విఠల్ గారు ధ్రువీకరణ పని దీక్షగా చేశారు. మా హాల్లో సోఫా మీద కూర్చుని, ఒక చెవిలో మూలము, రెండో చెవిలో నకలు పెట్టుకుని, నలభై రెండు నిమిషాలూ కళ్ళు మూసుకుని విన్నారు. ఆయనకి సంగీతం రాదు. తమ నిష్పాక్షికతకి అదే హామీ అన్నారు. మూడు రోజుల తరవాత వివరణ కోరుతూ మెమో వచ్చింది.

'సదరు తోడిలో పదకొండవ నిమిషమునను, ఇరువది ఆరవ నిమిషమునను ఊపిరి తీసుకొనిన శబ్దము వినవచ్చినది. అది మూలములోనిదా, లేక నకలు తీయు సమయమున చేరినదా తెలియజేయవలెను. మూలములోనిదే అయినచో, వాయించిన వ్యక్తి స్వయముగా ధ్రువీకరించవలెను.'

మావయ్యకి చదివి వినిపించాను. ఆ వారానికి ఆయన కాళ్ళు వాచాయి. ముఖం కూడా ఉబ్బింది. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. మంచం మీద దిండ్లకి చేరగిలబడి మెమో అంతా విన్నాడు.

"ఊపిరి నాదేనని రాసి పడెయ్యరా," అన్నాడు. "ఇప్పుడైతే అంత ఊపిరి ఎక్కడిది?"

రాసి, ఆయనచేత సంతకం పెట్టించి పంపాను. తోడికి ధ్రువీకరణ వచ్చింది. ముదురు నీలం సిరా, గుండ్రటి ముద్ర. నాలుగు వందల పన్నెండింట్లో ఒక్కటి తెమిలింది. అయితే ధ్రువీకరణ వచ్చేసరికి నా ప్రవేశానుమతి గడువు తీరిపోయింది, అది లేనిదే గేట్‌పాస్ కూడా ఇవ్వరు, మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. ఇదే వేగంతో పోతే మిగతా కచేరీలకి ఎన్నేళ్ళు పడుతుందో నేను లెక్కవెయ్యలేదు. డాక్టరు గారు చెప్పిన నెలలో పదిహేడు రోజులు అయిపోయాయి.

ఈలోగా విచిత్రం ఒకటి జరిగింది. మూడు వందల రెండులో పొద్దున్నే కల్యాణి వినబడసాగింది. ఐదో అంతస్తు వాళ్ళు సత్యనారాయణ వ్రతానికి మోహన పెట్టుకున్నారు. లిఫ్టులో ఒకాయన నా భుజం తట్టి, "మీ బీరువా మహా బావుందండీ" అన్నాడు. గేటు దగ్గర స్టూలు మీద రిజిస్టరు, రిజిస్టరులో తొమ్మిదో గడి, గడిలో నా పద్దెనిమిది అక్షరాలు. సంతకం పెట్టడానికి వచ్చిన ప్రతివాడూ చదువుకున్నాడు. వాళ్ళంతా లోపల ఉన్నవాళ్ళు కాబట్టి సందర్శకులు కారు. లోపలి నుంచి లోపలికే కాబట్టి గేట్‌పాస్ అక్కర్లేదు. ఎంత భద్రత! ప్రపంచంలో ఆ కంప్యూటర్ని అందుకోలేని మనిషి నేనొక్కణ్ణే.

విఠల్ గారి దగ్గరికి పరుగెత్తాను. విన్నారు. "నివాసితుల మధ్య సాంస్కృతిక సద్భావం పెంపొందుతున్నట్టు నమోదు చేసుకుంటాను" అన్నారు.

తరవాతి గురువారం ఆయన మనవరాలి నిశ్చితార్థం, మా కమ్యూనిటీ హాల్లో. పెళ్ళివారి తరఫున ఎవరో మేళం పెట్టించలేదా అని అడిగారట. ఉన్నది, అదీ ధ్రువీకరించినది అన్నారట విఠల్ గారు. పెద్ద స్పీకర్లు తెప్పించారు. మా ఇంటికీ శుభలేఖ వచ్చింది. ముహూర్తం పదకొండింటికి. ఆ సమయానికి మేము ఆసుపత్రిలో ఉన్నాం.

మావయ్య ఆ రోజు గంటంబావుకే మొదలుపెట్టాడు. "తీసెయ్యండమ్మా." నర్సు సుహాసిని బతిమాలింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను కూడా. చివరికి ఆయన తనే రెండో చేత్తో ట్యూబు పట్టుకోబోయాడు. అప్పుడు నా ఫోను మోగింది.

"బాబూ, పోలయ్యని. నానేటీ రాయట్నేదు, మీరేటీ అడక్కండి. ఫోను తాత సెవికాడ ఎట్టీయండి."

పెట్టాను. జనం గోల, ఎవరో పిల్ల ఏడుపు, కుర్చీలు జరిపిన చప్పుడు, వాటన్నిటి మీదుగా తోడి. పోలయ్య తన డొక్కు ఫోనుని స్పీకరు ముందు చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాడు. అడుగుకో తాళమున్న నా గుట్టు దారి చెయ్యలేనిది అతని చెయ్యి చేసింది.

మావయ్య ట్యూబు వదిలేశాడు. కదలని చేతి వేళ్ళు దుప్పటి మీద తమంత తాము లేచి పడుతున్నాయి. చాలాసేపు విన్నాడు.

"తాతబ్బాయి," అన్నాడు. ఆయన పక్కన ఇరవై ఏడేళ్ళు డోలు వాయించిన మనిషి. పోయి తొమ్మిదేళ్ళయింది. "జనం ఉన్నారేంట్రా, ఎవరింట్లో శుభకార్యం?"

"ప్రెసిడెంటు గారి మనవరాలి నిశ్చితార్థం మావయ్యా. మన హాల్లోనే."

"నేను వాయిస్తున్నాను కదా. మరి నన్ను పిలవలేదేం?"

సిగ్గేసింది. ఎవరి తరఫున సిగ్గుపడ్డానో నాకే తెలియదు.

మర్నాడు పోలయ్యకి మెమో వచ్చింది. విధినిర్వహణలో ఉండి, ఆవరణలోని ధ్వనిని గేట్‌పాస్ లేకుండా వెలుపలికి పంపినందుకు ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. రిజిస్టరు గడులు నింపడం వచ్చు గానీ మెమో భాష రాదు కాబట్టి నా దగ్గరికి తెచ్చాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. రూలు ఏడుకి మినహాయింపులు, ఫోను మాటకి గేట్‌పాస్ అక్కర్లేదన్న వాదన, అన్నీ నా దగ్గర ఉన్నాయి.

"అయ్యేటీ ఒద్దు బాబూ," అన్నాడు. "నాను సెప్పింది రాయండి. పాట తాతది. ఊపిరి తాతదని ఆరే రాయించుకున్నారు. ఎవులి ఊపిరి ఆలికి పంపినాను. తప్పయితే తీసీయండి."

అలాగే రాసి ఇచ్చాను.

విఠల్ గారు ఆ కాగితాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకున్నారు. ఏ రూలులోకీ అది ఇమడలేదు. ఏ రూలులోకీ ఇమడని తగాదా వస్తే ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన రాసిన వాక్యం ఒకటే. చెయ్యి దాన్నే రాసేసింది: 'ఈ విషయమై సర్వసభ్య సమావేశము తుది నిర్ణయము తీసుకొను వరకు, సంఘటన జరిగిన నాటి యథాస్థితిని తు.చ. తప్పక కొనసాగించవలెను.'

మా సర్వసభ్య సమావేశానికి కోరం ఈ భవనం కట్టిన నాటి నుంచి ఒక్కసారీ కుదరలేదు.

ఉత్తర్వు నాచేత రెండుసార్లు చదివించుకుని పోలయ్య తల పంకించాడు. "ఆ దినం ఏటి సేసినానో అదే సెయ్యాలన్నమాట. ప్రెసిడెంటు గారి ఆర్డరు. ఏటి సేస్తాం బాబూ, తప్పదు."

ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు పది కాగానే అతనే ఫోను చేస్తాడు. "తాతా, ఈయాల ఏటి?" అని అడుగుతాడు. మావయ్య ఏ ఊరి పెళ్ళి అంటే ఆ పెళ్ళిని, యథాస్థితి పేరుతో హాల్లోనే ఉండిపోయిన స్పీకరులో పెట్టి, ఎదురుగా స్టూలు వేసి దాని మీద ఫోను పెడతాడు. మధ్యమధ్య గ్యాస్ బండి హారను వినబడుతుంది. ఒక్కోసారి ఆలాపన మీద "ఎవులింటికి? పనేటి?" అన్న మాట పడుతుంది. మావయ్య ఒక్కో అపస్వరాన్ని పట్టుకుని తన మీద తనే విసుక్కుంటాడు. కాళ్ళ వాపు తగ్గింది. డాక్టరు గారు నన్ను మళ్ళీ వరండాలోకి పిలవలేదు.

మొన్న శనివారం రెండు గంటలకి మిషను ఆగింది. సుహాసిని సూదులు తియ్యడానికి వచ్చింది. మావయ్య ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఉండమ్మా, కంగారేముంది? తాతబ్బాయి ముక్తాయింపు వెయ్యకుండా నేను లేచిపోతే వాడేమనుకుంటాడు?"